ఒకే ఆకు మీది ముప్ఫై పురుగులు

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆయన ఒకే ఒక్క రోజు, ఒకే ఒక్క పొలంలో మాత్రం నడవలేదు. ఆ సంగతి మొదట కనిపెట్టింది మనిషి కాదు, పురుగుల డీఎన్‌ఏ.

మా పరిశోధన కేంద్రంలో అందరూ ఆయన్ని పదడుగులాయన అంటారు. నేను బాబాయ్ అంటాను. పంటను తినేసే లద్దె పురుగుల్ని పొలాల్లోంచి ఏరి తేవడం ఆయన పని. పొలానికి ముప్ఫై. పురుగుకో ట్యూబు, అందులో స్పిరిటు, మూత మీద పెన్సిల్‌తో నంబరు. ఒక పురుగు తీశాక పదడుగులు నడిచి కానీ రెండోది తీయకూడదు. ఎందుకంటే ఈ పురుగు తల్లి ఒకే ఆకు మీద వందల గుడ్లు కుప్పగా పెట్టి ఎగిరిపోతుంది. పక్కపక్కన ఏరితే చేతికొచ్చేవన్నీ తోబుట్టువులే. ఒక ఇంటి పిల్లల్ని చూసి ఊరంతా ఇలాగే ఉంటుందని రాసుకున్నట్టు అవుతుంది.

కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఈ పాఠం చెప్పేది ఆయనే. నాకూ చెప్పారు.

"ఎనిమిదో అడుగుకే వంగావనుకో, ఎవరూ చూడరమ్మా. పురుగు చూస్తుంది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పటికే ఆయన కుడి మోకాలికి పట్టీ ఉండేది, ప్యాంటు కింద కనపడకుండా. జీపు దిగేటప్పుడు ముందు ఎడమ కాలు పెట్టి, ఒక్క క్షణం డోరు పట్టుకుని ఆగి, తర్వాత రెండోది దింపేవారు. ఆయన ఏదో ఆలోచిస్తున్నారని అనుకునేదాన్ని.

ఒకసారి వాళ్లింటికి వెళ్తే పిన్ని అసలు విషయం చెప్పింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషన్ ఆపకుండానే మాట్లాడుతుంది.

"మిషన్ తొక్కీ తొక్కీ నా కాలు పోయింది, పొలాలు తొక్కీ తొక్కీ ఈయన కాలు పోయింది. ఇంట్లో నాలుగు కాళ్లున్నా పనికొచ్చేవి రెండేనమ్మా. పురుగుకి పదడుగులు నడుస్తారా, మంచం దిగి నీళ్ల కుండ దాకా మూడడుగులు నడవరు. ఏమేవ్ అని నన్నే కేకేస్తారు."

"నువ్వు పురుగువి కాదు కదే," అన్నారు బాబాయ్, కళ్లు మూసుకునే.

ఆ ఏడాది మాది పెద్ద పని. ఇరవై రెండు క్యాబేజీ పొలాలు. బాబాయ్ తెచ్చిన పురుగుల డీఎన్‌ఏ తీసి, ఒక్కో పొలంలోనివి ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో నేను ల్యాబులో చూడాలి. తేడాలు ఎక్కువ ఉన్న గుంపులో ఏ మందు కొట్టినా కొన్ని తట్టుకుంటాయి. బతికిన వాటి పిల్లలకి ఇక ఆ మందు ఎక్కదు. అందుకని ఎక్కడ ఎన్ని రకాలున్నాయో ముందే తెలిస్తే రైతులకి ఏ మందు వద్దో చెప్పొచ్చు. నాకైతే భలే ఉత్సాహంగా ఉండేది! పైకి చూస్తే అన్నీ ఒకేలాంటి మురికిపచ్చ పురుగులు. లోపల చూస్తే దేని జాతకం దానిదే.

పదహారు పొలాలు బాగానే వచ్చాయి. పదిహేడోది మాత్రం ముప్ఫై ట్యూబులూ దాదాపు ఒకేలా వచ్చాయి.

మా మేడమ్ ఆ కాగితం చూసి నా వైపు చూశారు. "ఒక ట్యూబులోది ఇంకో దాంట్లో పడింది. చెయ్యి జాగ్రత్త."

మళ్లీ చేశాను. అదే వచ్చింది. చేతి తొడుగులు మార్చి, బల్ల కడిగి, కొత్త స్పిరిటు తెచ్చి మూడోసారి చేశాను. అదే. తల ప్రాణం తోకకొచ్చింది. నన్ను తీసుకున్నదే ఆర్నెల్ల పరీక్ష మీద. ఆ ఆర్నెల్లు వచ్చే సోమవారంతో అయిపోతాయి. ఉంచాలా పంపాలా అని మేడమ్ రాయాలి.

"ఏరడంలో తేడా వచ్చి ఉంటుందేమో మేడమ్," అన్నాను ఒకసారి, నసుగుతూ.

"ఎవరు ఏరారో తెలిసే అంటున్నావా? ఆయన మీదకి తోస్తే ఈ ఆఫీసులో ఎవరైనా నమ్ముతారా?"

నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బాబాయ్ నా గదికి టీ తెచ్చారు. కాగితాలు పరుచుకుని కూర్చుని ఉన్నాను.

"ఇంకా తేలలేదా అమ్మా?"

"లేదు బాబాయ్. అచ్చంగా ఒకటే అయితే నేను కలిపేశాననుకోవచ్చు. ఒకటే కాదు. అక్కడక్కడ మారుతున్నాయి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఒక్క తల్లి పిల్లల్లా."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు. మూతలున్న ట్యూబుల వైపు చాలాసేపు చూశారు. గోడ పట్టుకుని వెళ్లిపోయారు. అప్పుడైనా నాకు తట్టలేదు చూడండి!

సోమవారం పొద్దున మేడమ్ గదిలో నేను నిలబడి ఉన్నాను. బాబాయ్ తలుపు తట్టి లోపలికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

"మేడమ్, పదిహేడో పొలంలో నేను కూర్చున్నాను."

"కూర్చుంటే ఏమైంది?"

"కూర్చునే ఏరాను. ముప్ఫయ్యీ. ఆ రోజు అది నాలుగో పొలం. గట్టు మీద కూలబడ్డాను, ఇక లేవలేకపోయాను. ఎదురుగా ఒక ఆకు, జల్లెడలా అయిపోయి ఉంది. దాని మీదే బిలబిలమంటున్నాయి. నాలుగు నిమిషాల్లో అయిపోయింది." ఆగారు. "ఈ పిల్ల చెయ్యి మంచిదే. నా కాలే మంచిది కాదు."

మేడమ్ కళ్లజోడు తీసేశారు.

"మోకాలి సంగతి ముందే చెబితే నేను మిమ్మల్ని జీపు ఎక్కనిచ్చేదాన్నా?"

"ఎక్కనివ్వరు. అందుకే చెప్పలేదు."

నాకు కోపం రావాలి. పది రోజులు తిండి సయించలేదు నాకు. కానీ ఆయన కుర్చీ వెనక భాగం పట్టుకున్న తీరు చూస్తే కోపం ఎటు పోయిందో తెలీదు. కూర్చోమని మేడమ్ రెండుసార్లు చెప్పాక కూర్చున్నారు.

నా ఉద్యోగం నిలిచింది. ఆయన పొలాల పని పోయింది. ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ట్యూబులు కడగడం, లేబుళ్లు రాయడం, స్టోరు తాళాలు. అంతే.

పదిహేడో పొలంలో పంట ఇంకా కోయలేదు. మళ్లీ ఏరాలి. ఈసారి నన్ను పంపారు, దారి చూపించడానికి బాబాయ్‌నీ. ఆయన గట్టు దగ్గరే ఆగిపోయారు. ఏరుతూ ఏరుతూ పదకొండో పురుగు దగ్గర నా నడుము పట్టేసింది. ఎండ నడినెత్తిన ఉంది. ఆయన ఎలా ఇరవై ఆరేళ్లు ఇలా వంగి లేచారో ఆ పదకొండో పురుగు దగ్గర అర్థమైంది.

"ఏయ్! తొమ్మిది!" గట్టు మీంచి కేక.

"పది వేశాను బాబాయ్!"

"తొమ్మిది. నేను లెక్కపెడుతూనే ఉన్నా. మళ్లీ వెళ్లు."

వెళ్లాను. ముప్ఫయ్యీ అయ్యేసరికి ఆయన నీళ్ల సీసా చేతికిచ్చి, ట్యూబులు ఒక్కొక్కటే వెలుగులో పెట్టి చూశారు. జీపు ఎక్కేముందు పొలం వైపు తిరిగి చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు. సీటులో వెనక్కి వాలి, "హమ్మయ్య," అన్నారు.

ఈసారి పదిహేడో పొలం పురుగులు ఎన్ని రకాలో!

పాత ముప్ఫయ్యీ పారేద్దామని నేను తీస్తుంటే మేడమ్ ఆపారు. కచ్చితంగా తోబుట్టువులని తెలిసిన పురుగులు ఎక్కడ దొరుకుతాయి? ఇప్పుడు ప్రతి కొత్త పనిలోనూ కొత్త పురుగులతో పాటు వాటిలో రెండు ట్యూబులు కూడా పెట్టి చూస్తాం. మా పరీక్ష వాటిని అన్నదమ్ములని గుర్తుపడితేనే లెక్క సరిగా ఉన్నట్టు. ఆ పెట్టె మీద లేబుల్ బాబాయే రాశారు. "ఒకే ఆకు. కూర్చుని ఏరినవి." తేదీ, కింద సంతకం.

మొన్న కొత్తగా చేరిన కుర్రాడు ఆ పెట్టె పట్టుకొచ్చి అడిగాడు. "ఇదేంటి సార్?"

బాబాయ్ స్టూలు మీద కూర్చుని ట్యూబులు కడుగుతున్నారు. తల ఎత్తలేదు.

"అదా? నా మోకాలు. కింద పడెయ్యకు."