వెనక గోడ

మొదటి జీతం అందుకున్న వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. నేనప్పుడు చీమకుర్తిలో ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. ఊళ్ళోవాళ్ళ ఆధార్ కార్డులన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళేవి కాబట్టి, ప్రభుత్వాన్ని సగం నేనే నడుపుతున్నానని నా నమ్మకం. (మిగతా సగం మా ఓనరు నడిపేవాడు.) అందుకే వానలకు మా ఇంటి వెనక గోడ పైనుంచి కిందిదాకా చీలినప్పుడు అమ్మ కంగారుపడింది గానీ నేను పడలేదు. పేదవాళ్ళకు ఇంటి మరమ్మతులకు సాయం ఇస్తున్నారని విని, అమ్మ పేరున దరఖాస్తు పెట్టేశాను. అమ్మది మిరపకాయల తొడిమలు తీసే కూలి. దాంతో పొట్ట గడిచేది గానీ గోడ లేచేది కాదు.

ఆ ఇల్లు నాన్న తన చేతులతో కట్టింది. క్వారీలో పని దిగొచ్చి, సాయంత్రాలు ఒక్కో వరుసే పేర్చుకుంటూ లేపాడు. అందులో ఎంతోకాలం ఉండలేదు. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు పట్టి పోయాడు.

దరఖాస్తు అందింది, ఇంజనీరు గారు గోడ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. "అమ్మా, పాత చీర కట్టుకో. కాస్త దీనంగా నిలబడు" అని పాఠం చెప్పి షాపుకు వెళ్ళాను. ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి అమ్మ పట్టుచీరలో ఉంది. వాకిట్లో ముగ్గు, పక్కింటివాళ్ళ కుర్చీ, పళ్ళెంలో మిరపకాయ బజ్జీలు. చీలిక కనబడకుండా గోడకు దుప్పటి వేలాడదీసింది. ఇంజనీరు గారు ఒక బజ్జీ తిన్నారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మా కష్టానికి కరిగిపోయారని నేను లోలోపల పొంగిపోయాను. (ఆయన మంచినీళ్ళు అడిగేదాకా.)

"ఎక్కడమ్మా పగిలింది?" అన్నారాయన.

"ఏం లేదండీ, బాగానే ఉంది. పిల్ల తెలీక రాసింది" అంది అమ్మ.

నేను గబగబా వెళ్ళి దుప్పటి లాగేశాను. చీలికలోంచి దొడ్లో ఆరేసిన బట్టలు కనిపించాయి. అమ్మ తలొంచుకుంది.

"మా ఆయన బాగానే కట్టాడండీ. ఆయన పనికి వంక పెట్టి రాసుకుపోతారేమోనని..." అంది.

ఆయన వంగి గోడ అడుగున మట్టిని చూశారు. "ఇది రేగడి నేలమ్మా. వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిచ్చుద్ది. ఎవరు కట్టినా ఇంతే. నేను అట్టాగే రాస్తాను" అన్నారు. అమ్మ పట్టుచీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

సాయం వచ్చింది. గోడ పడగొట్టిన రోజు అమ్మ ఎప్పటికన్నా ముందే కూలికి వెళ్ళిపోయింది. కొత్త గోడ లేచాక నేను దాని ముందు సెల్ఫీ దిగి, షాపులో లడ్డూలు పంచి, ఇంకో లడ్డూ పట్టుకుని ఇంటికొచ్చాను. అమ్మ ఎదుటి గోడకు ఆనుకుని అన్నం తింటోంది.

"కొత్త గోడ దగ్గర కూర్చోవచ్చుగా" అన్నాను.

"ఇంకా తడారలేదే" అంది.

ఇన్నేళ్ళయినా అమ్మకు ఆ గోడ తడారలేదు. ఆవేళ నేను మాత్రం ఆ మాట నిజమే అనుకుని, లడ్డూ చేతిలో పట్టుకునే వెళ్ళి, రెండో అరచేత్తో గోడంతా తడిమి చూశాను.