మామ నీడలో పెట్టమన్న గుర్రం

గుర్రం మీద నుంచి పడి కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. గుర్రం కాళ్లే మడతపెట్టి, చేతికందిన పెళ్లిని చెడగొట్టుకోబోయిన ఘనుణ్ని మాత్రం నేనొక్కణ్నే.

అప్పట్లో నేను సారపాక మిల్లులో కాంట్రాక్టు పనికి వెళ్లేవాణ్ని. మా మేనమామ ఊరు బూర్గంపాడు అవతల, అడవి అంచున. వేల్పులకు మొక్కుకున్నవాళ్లకు ఆయన కంచు గుర్రాలు పోసి ఇస్తాడు. ఆయన కూతురు సరిత అంటే నాకు ప్రాణం. ఆమెకూ నేనంటే ఇష్టమే. మామే ఎటూ తేల్చడు. మిల్లు పని ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు, చేతిలో పనితనం ఉన్నవాడికే పిల్లనిస్తానన్నాడు. అంతలో అమ్మమ్మ, అడవిలో తప్పిపోయిన ఆవు దొరికితే వచ్చే పండగకు వేల్పుకు గుర్రమిస్తానని మొక్కుకుంది. ఆవు దొరికింది. ఆ గుర్రం నేనే చేస్తానని ఎగిరాను. ఆలి ఇంకా రానేలేదు, అల్లుడి డాబు ముందే వచ్చింది.

గుర్రం ఒళ్లు మట్టితో చేసి, దాని మీద మైనపు తీగలు చుట్టాలి. కాళ్లు మాత్రం ఉత్త మైనమే. పైన మెత్తటి మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కంచు పోస్తే, మైనం ఎలా ఉందో కంచూ అలాగే వస్తుంది. ఈ ఆఖరి మాట మీరు గుర్తుంచుకోండి, నేను మర్చిపోయాను.

మైనం గుర్రం ముద్దుగా వచ్చింది. మొదటి పూత నీడలోనే ఆరాలని చెప్పి మామ పుట్టమన్ను కోసం వెళ్లాడు. నీడలో ఆరేసరికి పండగ దాటిపోతుందనిపించింది నాకు. మా భద్రాచలం వైపు ఎండల సంగతి మీకు తెలియంది కాదు. గుర్రాన్ని ఎండలో రేకు మీద పెట్టి, అంబలి తాగుతూ సరితతో కబుర్లలో పడ్డాను. తిరిగొచ్చేసరికి గుర్రం నాలుగు కాళ్లూ ముడుచుకుని, మేత మేసిన బర్రెలా హాయిగా కూర్చుంది.

లేపబోతే పూత పెచ్చులూడింది. మామ వచ్చే వేళయింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు, నేను గుర్రం కళ్లు కూడా మూసేశాను. ఉన్న మట్టంతా దానికి పట్టించి ముద్ద చేశాను.

మామ ఆ ముద్ద చుట్టూ తిరిగాడు. "ఏందిర, పొట్టిగైంది?"

"మట్టి మందంగ పెట్టిన మామా, బలంగ ఉంటదని."

ఆయన ఆ ముద్దను అలాగే కాల్చి, మైనం కారిపోయాక కంచు పోశాడు.

పండగనాడు చుట్టాలందరి ముందు మామ అచ్చు పగలగొట్టాడు. బంగారంలా మెరుస్తూ, చక్కగా కూర్చున్న గుర్రం బయటపడింది. సరిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఏడుస్తోందేమోనని నా ప్రాణం పోయింది. నవ్వుతోందని తర్వాత తెలిసింది.

"ఎండల పెట్టినవ్ గద?" అన్నాడు మామ.

"అవ్ మామా."

పిల్ల దక్కదని ఖాయం చేసుకుని తల దించుకున్నాను. అప్పుడు అమ్మమ్మ లేచి, గుర్రాన్ని ఒళ్లోకి తీసుకుని వీపు నిమిరింది.

"అందరు నిలబడ్డ గుర్రాలే ఇస్తరు. మన వేల్పు ముసలోడైండు, ఎక్కలేక గుర్రం పక్కపొంటి నడుస్తుండు. ఇన్నేండ్లకు గిట్ల కూసున్నది ఒకటి దొరికింది. పిల్లనియ్యి వానికి."

వేల్పు తరఫున తల్లే మాట్లాడితే మామ ఏం చేస్తాడు? ఇచ్చాడు.

అందుకే ఆ వేల్పు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో మైనం గుర్రాన్ని ఎండలో పెట్టను. ఎందుకైనా మంచిదని ఇప్పుడు ఇంట్లో మిరపకాయలు కూడా నీడలోనే ఆరబోస్తున్నాను. బూజు పట్టిపోతున్నాయని సరిత రోజూ తిడుతుంది, అయినా మాట తప్పేవాణ్ని కాదు.