ఆరు జతల మీద నంబరు

నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. చేతికొచ్చింది కుట్టు ఒక్కటే. నది అవతల అడవుల్లో ఊళ్ళు తగలబెట్టి, ఒక తెగవాళ్ళను ఏరి ఏరి చంపితే, మిగిలినవాళ్ళు కొందరు పారిపోయి మా సిరొంచ చేరారు. ఒక చిన్న సంస్థ ఇక్కడ రెండు గదులు తీసుకుని వాళ్ళకు పని నేర్పుతోంది, పిల్లల్ని బడిలో వేస్తోంది. అందులో కుట్టు నేర్పేది నేనే.

నేర్చుకునేవాళ్ళలో ఒకామెకు మిగిలింది ఒక్క కూతురు. ఆ పిల్లకు అహేరిలో హాస్టల్ బడిలో సీటొచ్చింది. ఆరు జతల బట్టలు కావాలి, ప్రతి దాని మీదా నంబరు ఉండాలి అన్నారు. తెల్లారితే ప్రయాణం. సాయం చేద్దామని, అడక్కుండానే ఎర్ర దారంతో అన్నిటి మీదా నంబరు కుట్టేశాను. ఆమె చూసి, బ్లేడు తీసుకుని ఒక్కొక్క కుట్టూ విప్పడం మొదలుపెట్టింది.

"ఏందే చెల్లె, పొద్దటి సంది కుట్టిన!"

"మావోళ్ళను గుడ్డలు చూసే గుర్తువట్టినం అక్కా. మొఖాలు లేవు. నా బిడ్డె గుడ్డ మీద గుర్తొద్దు. గట్లయితే పంపనే పంప."

పక్క మిషను మీద ముసలామె కూడా అటునుంచి వచ్చినదే. "మా మనుమని చెడ్డీకి నంబరెందుకు, వాసనే చాలు" అంది. ఎవరూ నవ్వలేదు.

నాకు నడుము పట్టేసింది. సంస్థ సారు ఊళ్ళో లేడు. ఇక నేనే హాస్టల్ మేడంకు ఫోన్ చేశాను.

"నంబర్ లేకుంటె ఎట్లమ్మా? ఇంతమంది పిల్లలు, అందరియి ఒక్కతీరు గుడ్డలు. ధోబీకి ఎట్ల తెలుస్తది?"

"ధోబీకి ఇయ్యదు మేడం. పిల్లనే ఉతుక్కుంటది."

"ఆరేసిన కాడ కలిసి పోతే?"

"పోతే మల్ల కుట్టిస్త."

"ఎన్నిసార్లు కుట్టిస్తవు?"

"పోయినప్పుడల్లా."

"సరే, పంపియ్యి. జర చెప్పు పిల్లకు, ఉతుకుడు బద్ధకం చెయ్యొద్దని."

పొద్దున సర్కారు ఎస్టీ బస్సులో సంస్థ టీచరమ్మ పక్కన పిల్లను కూర్చోబెట్టి, తల్లి ఆ పిల్ల గౌను మెడంతా, అంచంతా వేలితో తడిమింది, ఎర్ర దారం పోగేదైనా మిగిలిందేమోనని. మిగల్లేదు. అప్పుడే కిందికి దిగింది.

బస్సు కదిలాక నా వైపు తిరిగి, "ఇయ్యాల ఏం కుట్టాలె అక్కా?" అంది.

నాకు ఆ పూట మిషను ముందు కూర్చునే ఓపిక లేదు. అయినా తాళం చెవి నా దగ్గరే ఉంది కదా, వెళ్ళి గది తీశాను.