గాజు తలుపు పెట్టిన ఆదివారం

నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిన్న గుర్తు లేదు. సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్‌లో ఫ్లాట్ల కింద ఉన్న షాపుల వరుసలో మా తెలుగు సంఘం వాళ్లు ఒక భోజనశాల నడిపేవారు. మా తాతయ్య ఆ సంఘానికి కార్యదర్శి. పొద్దున్నే వెళ్లి షట్టర్ ఎత్తేది ఆయనే. షట్టర్ ఎత్తితే ఇక తలుపంటూ ఏమీ ఉండేది కాదు. సిమెంటు నేల, రేకు బల్లలు, పొడుగాటి బెంచీలు. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట్లు పోస్తూనే ఉండేవి.

మధ్యాహ్నానికి తువాస్ నుంచి లారీ వచ్చి ఆగేది. షిప్‌యార్డుల్లో పనిచేసే మనవాళ్లు ఆదివారం కూడా ఒక పూట డ్యూటీ చేసి, అవే బట్టలతో దిగేవారు. వాళ్లలో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకాయన వెల్డింగ్ పని చేసేవాడు. నేను వెల్డింగ్ మావయ్యా అని పిలిచేదాన్ని. బెంచీ మీద ఒక కాలు మడిచి కూర్చుని, ముద్దపప్పులో ఆవకాయ కలిపి, మొదటి ముద్ద తింటూ కళ్లు మూసుకునేవాడు. అప్పుడు పలకరించకూడదని నాకు తెలుసు. తిన్నాక మాత్రం ఊళ్లో ఉన్న తన కూతురి కబుర్లు వరసపెట్టి చెప్పేవాడు. ఆ పిల్లది నా ఈడేనట.

ఆ ఉక్కలో వాళ్లు తింటుంటే చూసి తాతయ్య చాలా బాధపడేవారు. "వారమంతా ఇనుము మధ్య మాడిపోతారమ్మా, ఇక్కడైనా చల్లగా కూర్చోవద్దూ" అనేవారు. సంఘంలో అందరినీ ఒప్పించడానికి ఆయనకి చాలాకాలం పట్టింది. చివరికి భోజనశాల మూసి బాగుచేయించారు. నేలకి తెల్లటి టైల్స్ వేశారు. ఏసీ పెట్టారు. చల్లదనం బయటికి పోకుండా ముందువైపు గాజు గోడ, గాజు తలుపు వచ్చాయి. కొత్త కుర్చీలు, బల్లల మీద గుడ్డలు. భోజనం ధర మాత్రం పెంచనివ్వలేదు. తెరిచే రోజు ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, పెళ్లివారికి ఎదురుచూసే ఆడపిల్ల తండ్రిలా తలుపు దగ్గరే నిలబడ్డారు. ఆయన పక్కన నేను.

లారీ వచ్చింది. దిగినవాళ్లు గాజు దాకా వచ్చి ఆగిపోయారు. లోపల టాంపినీస్ నుంచి వచ్చిన బ్యాంకు అంకుళ్లు, పట్టుచీరల ఆంటీలు అప్పటికే కూర్చుని ఉన్నారు. వెల్డింగ్ మావయ్య లోపలి నేలని చూశాడు. తన బూట్లని చూసుకున్నాడు. వంగి లేసు విప్పబోయి, ఏమనుకున్నాడో, మళ్లీ లేచాడు. పక్కవాళ్లతో ఏదో అన్నాడు. అందరూ వెనక్కి తిరిగారు.

తాతయ్య గబగబా బయటికి వెళ్లారు. నేనూ వెనకే పరిగెత్తాను.

"ఎక్కడికయ్యా? రండి లోపలికి. మీకోసమే కదా ఇదంతా!"

"మరోపాలి వస్తాం బాబూ. డ్యూటీ బట్టల్తో వచ్చీసినాం."

"బట్టలకేమైంది? ఇన్నాళ్లూ తినలేదూ?"

వెల్డింగ్ మావయ్య నవ్వాడు. "అప్పుడు నేల అలగుండీది కాదు కదా బాబూ."

నా తల నిమిరి, చవగ్గా తిండి దొరికే హాకర్ సెంటర్ వైపు వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కూడా వెళ్లారు. తాతయ్య ఆ ఎండలో చాలాసేపు అలాగే నిలబడిపోయారు. లోపలి నుంచి ఎవరో, అలవాటైతే వాళ్లే వస్తార్లెండి అన్నారు.

తర్వాతి ఆదివారం తాతయ్య ఏసీ ఆపించి, తలుపు బార్లా తెరిచి, అది మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టారు. బల్లల మీది గుడ్డలు ఆయనే తీసేశారు. ఆంటీలు ఉక్క అన్నారు, సంఘంలో పెద్ద గొడవే అయింది. ఆయన తన కంచం, నా కంచం పట్టుకొచ్చి, బయట మెట్టు మీద, లారీ ఆగే చోటికి కనిపించేలా కూర్చున్నారు. కొందరు వచ్చారు. మొహమాటంగా పక్కనే కూర్చుని తిన్నారు. వెల్డింగ్ మావయ్య రాలేదు. కొన్నాళ్లకి ఆ లారీయే మా వైపు రావడం మానేసింది. ఆయన కూతురి పేరైనా నేను అడగలేదు.

"వాళ్లకేం కావాలో నేనే అనుకున్నానమ్మా. ఒక్కమాట అడిగితే ఏం పోయేది?" అన్నారు తాతయ్య, ఆ మెట్టు మీదే. నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఆయన గొంతు మాత్రం అర్థమైంది. తను పోయేదాకా ఆదివారం అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, ఆ వెల్డింగ్ అబ్బాయి ఎక్కడ తింటున్నాడో అంటూనే ఉండేవారు.

ఇప్పుడు ఆ భోజనశాలని మళ్లీ బాగుచేస్తున్నారు. కమిటీలో పెద్దదాన్నని నన్నూ కూర్చోబెట్టారు. నేను డ్రాయింగులు చూడటం మానేసి, ఆదివారం భోజనానికి వచ్చే కుర్రాళ్ల దగ్గరికి వెళ్లి, మీకేం కావాలి నాయనా అని అడుగుతున్నాను. ఏదైనా పర్లేదు ఆంటీ, బాగానే ఉంది అంటారు. పక్కన మా మనవరాలు, "అమ్మమ్మా, దే సెడ్ ఓకే లా!" అని ఇక్కడి ఇంగ్లీషులో అంటూ నా చెయ్యి లాగుతుంది.

మనవాళ్లు మొదటిసారి అడిగితే బాగానే ఉందనే అంటారు. అందుకని అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్లీ అడుగుతాను.