గింజ పట్టని కీరా

మా ఇంట్లో నాకు అనుమానపు పక్షి అని పేరు. పెట్టింది మా ఆయనే. ఆమదాలవలస దగ్గర మా పొలంలో పాలీహౌస్ వేయించిన రోజు నుంచి ఆ పేరు మరీ స్థిరపడిపోయింది. అప్పటిదాకా మేము మడి నిండా నీళ్లు నిలబెట్టి వరి పండించినవాళ్లం. ఆ ప్లాస్టిక్ పందిరి కిందేమో నల్లటి పైపుల్లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, వరుసల మధ్య దుమ్ము లేస్తోంది.

"ఈ సుక్కలకి మొక్క బతుకుతాదేటి, బావా?" అన్నాను.

"సుక్క మొక్క మొదట్లోనే పడతాది కదే. మన బోరుకి ఇంతకన్నా ఓపిక నేదు," అన్నాడు.

బోరు సంగతి నిజమే, ఏటా ఎండాకాలం వచ్చేసరికి గాలి కక్కేది. అయినా పైపులు అమ్మినతను మరీ తియ్యగా మాట్లాడాడు. అలాంటివాళ్లంటే నాకు మొదట్నుంచీ పడదు. ఉన్నదంతా మా ఆయన అందులోనే పెట్టాడు. పంట అమ్ముడుపోకపోతే కూలిపనికి విశాఖపట్నం పోవడమే. నాకు ఆ భయం పట్టుకుంది.

మొక్కలు బతికాయి. కీరాలు నున్నగా, అన్నీ ఒకే తల్లి పిల్లల్లా కాశాయి. ఒకటి కోసి చూస్తే లోపల గింజే లేదు. ఆ పందిట్లోకి తేనెటీగ కూడా రాదు. మరి కాయ ఎలా కాసింది? ఈ రకం అంతేనని మా ఆయన ఎంత చెప్పినా నాకు ఎక్కలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత ఉండనే ఉంది. నేను ఆ కీరాలను వంటింటి గడప దాటనివ్వలేదు. పెరట్లో బీరకాయలే వండాను.

మొదటి కోత ఆటోలో వేసుకుని ఇద్దరం ఊళ్లోని కూరగాయల షావుకారు దగ్గరికి వెళ్లాం. ఆయన ఒక కాయ విరిచి, వాసన చూశాడు.

"గింజేదీ? ఏ మందు కొట్టినారు?"

"మందు కాదు బాబూ, రకమే అంత," అన్నాడు మా ఆయన.

షావుకారు నా వైపు తిరిగాడు. "అమ్మా, మీ ఇంట్లో తింతన్నారా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. మా ఆయన ముఖం చూస్తే విశాఖపట్నం గుర్తొచ్చింది. షావుకారు చేతిలోని సగం ముక్క అందుకుని కొరికాను. కరకరలాడింది. చేదన్నదే లేదు, దానికీ అనుమానమే వేసింది. అయినా మొత్తం నమిలి మింగాను.

"ఒక బస్తా దింపండి. రేపు ఈ అమ్మ మళ్లీ వస్తే మిగతాయి సూద్దాం," అన్నాడాయన.

మర్నాడు మిగతా బస్తాలతో మళ్లీ వెళ్లాను. షావుకారు నన్ను ఎగాదిగా చూసి, "బాగున్నావా అమ్మా?" అని అడిగాడు. బాగున్నానన్నాక, బస్తాలన్నీ దింపేయమన్నాడు. అప్పుడు చూశాను, నిన్నటి బస్తా ఆయన బల్ల కింద మూతి విప్పకుండా అలాగే ఉంది. నేను బతికి బట్టకడితేనే అమ్ముదామని ఆగాడన్నమాట! ఒళ్లు మండిపోయింది. నాలుగు మాటలు దులిపేద్దామనుకున్నాను. కానీ రాత్రంతా కడుపు తడుముకుంటూ పడుకున్నదాన్ని, ఆయన్ని ఏమనగలను?