ఎనిమిదో మంచం దగ్గర మా మేస్త్రీ గారు

మా మేస్త్రీ గారు మొన్న గురువారం పొద్దున్న పోయారు. వారి అల్లుడు స్కూటరు మీద వచ్చి, ఇంజను ఆపకుండానే గేటు దగ్గర నిలబడి, "మామయ్య గారు వెళ్ళిపోయారండీ" అన్నాడు. నేను సగం గడ్డం గీసుకుని ఉన్నాను. మొహం మీద నురగ ఎండిపోయేదాకా అలాగే నిలబడ్డాను. మా ఆవిడ లోపల్నించి వచ్చింది. తలుపు పట్టుకుని గడప మీద కూర్చుండిపోయింది.

కొత్త రాష్ట్రం వస్తుందని, ఈ ఊరు దానికి రాజధాని అవుతుందని గోడల మీద రాస్తున్న రోజులివి. ఆయన వచ్చినప్పుడు ఈ రాయ్‌పూర్ ఇంత లేదు. ఆయనది బొబ్బిలి వైపు, నాది పాలకొండ వైపు. స్టేషను దాటాక ఒక సేఠ్‌కి షెడ్డుండేది. రైసు మిల్లుల మోటార్లు, బేరింగులు బాగుచేసే షెడ్డు. అభన్‌పూర్ నుంచి, ధర్సీవా నుంచి మిల్లు వాళ్ళు సామాను బళ్ళ మీద తెచ్చేవారు. ఆయన మేస్త్రీ. నేను ఆయన చేతి కింద. ఆయనది మాట తక్కువ, నాది ఇంకా తక్కువ. అందుకే మాకు పడింది.

ఆయన దగ్గర చెక్క పిడి స్క్రూడ్రైవరు ఒకటుండేది. తిరుగుతున్న మోటారు మీద దాని మొన పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకునేవారు. షెడ్డులో అందరం చేస్తున్న పని ఆపేసేవాళ్ళం. కాసేపటికి కళ్ళు తెరిచి, "లోపల ఏదో నడుస్తంది" అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా నా వీపు జలదరించేది. విప్పి చూస్తే నిజంగానే ఏదో ఉండేది. ఇసుక రేణువంత.

ఇంకో అలవాటు. ఏ పనీ అయిపోయింది అనేవారు కాదు. ఎంత బాగా కుదిరినా "ఇప్పటికి బావుంది" అనేవారు. అంతే.

నేను చేరిన కొత్తలో అభన్‌పూర్ దగ్గర ఒక మిల్లు బేరింగు మూడుసార్లు వెనక్కి వచ్చింది. పెట్టిన వారానికే కాలిపోయేది. మిల్లు యజమాని భయపడి పూజ చేయించాడు, మిల్లు గుమ్మానికి గుమ్మడికాయ కట్టాడు. అక్కడ పాత హమాలీ ఒకడు మిషన్లో పడి పోయాడట, వాడే తిరుగుతున్నాడని కూలీలు అనుకునేవారు. మూడోసారి వచ్చినప్పుడు మేస్త్రీ గారు బేరింగు చేతిలో పెట్టుకుని, అది మా షెడ్డులో ఏ చేయి నుంచి ఏ చేతికి వెళ్ళిందో వెనక్కి నడుచుకుంటూ వచ్చారు. వచ్చి వచ్చి నా ముందు ఆగారు. నా ముందు కిరసనాయిలు ట్రే ఉంది. బేరింగులు కడిగే ట్రే. పొద్దున్న పోసిన కిరసనాయిలుతోనే సాయంత్రం దాకా అన్నీ కడిగేవాణ్ణి. ఆదా చేస్తున్నానని నాకు లోపల కొంచెం గర్వం కూడా. మొదటి బేరింగు శుభ్రంగా తేలేది. చివరిది, ముందు వాటి మురికంతా ఒంటికి పట్టించుకుని వెళ్ళేది. అభన్‌పూర్ వాళ్ళది ఎప్పుడూ చివర్నే కడిగేవాణ్ణి. వాళ్ళ బండి ఆలస్యంగా కదా వచ్చేది.

ఆయన తిట్టలేదు. "కిరసనాయిలు మిగిల్చినావురా బాబూ, మిల్లు తగలెట్టినావు" అన్నారు. తర్వాత, "ట్రే ఒకటే ఇచ్చినోణ్ణి నేను కదా" అని ఆయనే తల దించుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. పదహారేళ్ళ కిందట మా ఆవిడకి గర్భసంచి తీసే ఆపరేషన్ అయింది. ధర్మాసుపత్రిలో. అది ఇప్పుడు లేదు. ఒకప్పటి ధాన్యం గోదామునే ఆసుపత్రి చేశారు. ఆడవాళ్ళ వార్డులో ఒకే వరసలో ఎనిమిది మంచాలు. చివరి మంచం పక్కన గోదాము పాత తలుపు అలాగే ఉంది, దాని వెనక ఇటుకలు కట్టేశారు. ఎండ ఎంత కాసినా ఆ మూలకి రాదు. అక్కడ ఇంకా వడ్ల వాసన వేసేది. తలుపు గొళ్ళానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. ఆ వానాకాలంలోనే ఆ మంచం మీద ముగ్గురు పోయారని తర్వాత తెలిసింది. ఊడ్చే మనిషి దాని కిందకి చీపురు పెట్టేది కాదు. మేం వెళ్ళిననాడు ఖాళీగా ఉన్నది అదొక్కటే.

రెండో రోజు మా ఆవిడ నన్ను దగ్గరికి రమ్మని, "ఆ తలుపు ఎనకాల ఎవలో వడ్లు కొలస్తన్నారు" అంది.

"ఎనకాల గోడేనే."

"నానిన్నాను. రామ్, దో, తీన్ అని. ఎనిమిది కాడ ఆగిపోతాది. ఆగినాక నా ఒంటి మీద సల్లగా అవుతాది."

ఇక్కడి వాళ్ళు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, రామ్ అంటారు. మన వైపు లాభం అన్నట్టు. మత్తుమందు దిగలేదేమో అనుకున్నాను.

మూడో రోజు జ్వరం. నాలుగో రోజు కట్టు దగ్గర వాసన. డాక్టరు గారు మంచివారే. "ఈ మూల చెమ్మ ఎక్కువ" అని సూది మార్చారు. ఏడో మంచం ఆమె నాతో మెల్లగా చెప్పింది, పోయిన ముగ్గురికీ కూడా కొలత వినిపించేదట. అయిదో రోజు పొద్దున్న మా ఆవిడ కళ్ళు నిలబెట్టి పైకి చూస్తూ ఉంది.

"నిన్న తొమ్మిది అన్నారు" అంది. "ఎనిమిది మంచాలే కదేటి ఉన్నాయి. తొమ్మిదోది ఎవలికి? నన్ను ఇంటికి తీసుకెల్లిపో."

కట్లు మార్చే వేళ మగవాళ్ళని బయటికి పంపేవారు. ఆ రోజు మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నేను వెళ్ళలేదు. కట్లు కట్టే ఆమె లోపలికి వచ్చింది, అందరూ దీదీ అనేవారు. పల్లెలో పొలాల మధ్య పెరిగిన ఛత్తీస్‌గఢీ మనిషి. చేతులు మెత్తన. మా ఆవిడ దగ్గర అందరికంటే ఎక్కువసేపు కూర్చునేది, చివరి మంచం మనిషంటే ఆమెకి అంత జాలి. మొదటి మంచం దగ్గర మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. "రామ్." రెండో మంచం. "దో." ఆ మాట మూసేసిన తలుపుకి తగిలి, తలుపు అవతలి నుంచి వచ్చినట్టు మా దగ్గరికి వచ్చింది. కొలుస్తున్నది ఈవిడే. భయం తగ్గాలి కదా. తగ్గలేదు. ఎందుకంటే అప్పుడే ఆమె చేతిలో గిన్నె చూశాను.

మొదటి మంచం దగ్గర గిన్నెలో మందునీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. ఆ గిన్నెలోనే పట్టుకారుతో దూది ముంచి పుండు తుడవడం, మళ్ళీ ముంచడం, పక్క మంచానికి వెళ్ళడం. అయిదోదానికి ఆ రంగు మాసింది. మా దగ్గరికి వచ్చేసరికి గోధుమరంగు. ఆ రంగు నాకు తెలుసు. సాయంత్రం పూట నా ట్రే రంగు అది. దీదీ, "ఆఠ్, బేటీ" అని నవ్వి దుప్పటి తీసింది. మా ఆవిడకి ఒంటి మీద చల్లగా అయ్యేది ఇందుకే. ఆపమని నోరు తెరిచాను. ఆ గోధుమరంగు నీళ్ళతో మా ఆవిడ గాయం తుడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

సైకిలు మీద షెడ్డుకి పోయాను. మేస్త్రీ గారు క్యారేజీ విప్పుకుని ఉన్నారు.

"మేస్త్రీ గారూ, అక్కడ మన ట్రేయే" అన్నాను.

ఆయన క్యారేజీ మళ్ళీ మూసేశారు. చెయ్యి కడుక్కుని లేచారు.

వార్డుకి వచ్చి నేరుగా ఆ మూలకి నడిచారు. మూసేసిన తలుపుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నారు. ఎనిమిది మంచాల వాళ్ళూ తలలు తిప్పి చూస్తున్నారు. ఆయన చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఏం విన్నారో చెప్పలేదు. డాక్టరు గారిని పిలిపించి, నన్ను ముందుకి తోశారు.

"సూసినోడివి నువ్వు. నువ్వే సెప్పు. నేను పక్కన నిలబడతాను."

నా హిందీ అంతంతమాత్రం. "సాబ్, పహలా కా గందా ఆఠవా కో జాతా హై" అన్నాను. మొదటివాళ్ళ మురికి ఎనిమిదో ఆమెకి వెళ్తోందని. అది చెప్పడానికి నా చొక్కా తడిసిపోయింది. డాక్టరు గారు గిన్నె తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశారు. ఆయన మొహం నాకిప్పటికీ గుర్తు.

ఆసుపత్రి లెక్కలు రాసే మునీమ్ వచ్చాడు. "మంచానికో గిన్నె, మంచానికో మందు అంటే ట్రస్టు ఏమైపోవాలి?" అన్నాడు.

మేస్త్రీ గారు నెమ్మదిగా అన్నారు. "వారంలో ఇంటికెళ్ళాల్సిన మనిషి నెల పడుకుంటే ఆ మంచం ఖర్చు ఎవరిది సాబ్? ఆ సూదులు ఎవరివి? బాగా చేస్తే ఖర్చవదు. మళ్ళీ చేస్తే అవుతుంది. మా షెడ్డులో ఈ సంగతి తెలుసుకోడానికి ఒక మిల్లు బేరింగు మూడుసార్లు కాలింది. ఇక్కడ కాలేది మనుషులు."

మునీమ్ డాక్టరు గారి చేతిలో గిన్నె వైపు చూశాడు.

దీదీ నేల మీద కూర్చుండిపోయింది. చేతులు వెనకా ముందూ తిప్పి చూసుకుంటోంది. "ఆ ముగ్గురికీ నేనే కట్టాను" అంది. ఇంతకీ ఆ మూల తిరుగుతున్నది ఏ దయ్యమూ కాదు, అందరికంటే మెత్తటి చెయ్యి. మేస్త్రీ గారు ఆమె పక్కనే గచ్చు మీద చతికిలబడ్డారు.

"నీ చేతులకి దోషం లేదు దీదీ. పని నడిచే దారి తప్పు. మనిషిని తిడితే దారి అలాగే ఉండిపోతుంది. రేపు ఇంకో మనిషి అదే దారిన నడుస్తుంది" అన్నారు. నన్ను చూపించి, "వీణ్ణి చూడు. ఇదే పని చేశాడు. వీడిప్పుడు మా షెడ్డుకి పెద్ద దిక్కు" అన్నారు. దీదీ ఏడుస్తూనే నన్ను చూసింది.

తర్వాత అడిగారు, నిన్న తొమ్మిది దాకా కొలిచావా అని. దీదీ తల అడ్డంగా ఊపింది. ఎనిమిది దాటి ఎన్నడూ అనలేదంది. మేస్త్రీ గారు ఇంకోసారి ఆ తలుపు వైపు చూసి లేచారు. ఆ తొమ్మిది సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీ గారు వాళ్ళింట్లోంచి ఎనిమిది స్టీలు గిన్నెలు తెచ్చారు. ఆ పూట వాళ్ళు పప్పు దేంట్లో వండుకున్నారో. దీదీ వాటినీ, పట్టుకార్లనీ నీళ్ళలో మరగబెట్టింది. ఎవరి గిన్నె వారిదే, ఎవరి మందు వారిదే. శుభ్రంగా ఉన్న గాయాలు ముందు, చీము పట్టినవి చివర. మా ఆవిడ అప్పటికీ చివరే, కానీ ఆమె గిన్నెలో నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి.

జ్వరం వెంటనే దిగలేదు. ఇంకో మూడు రోజులు మనిషి ఉంటుందో ఉండదో తెలీలేదు. మేస్త్రీ గారు రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ధైర్యం చెప్పేవారు కాదు. "ఎలా ఉందంటారు?" అని ఒకసారి అడిగాను. "ఇంకా నడుస్తంది లోపల" అన్నారు. నాలుగో రోజు మా ఆవిడ కళ్ళు తిప్పి నన్ను గుర్తుపట్టి, "సారన్నం తెచ్చినావా?" అంది. ఆయన స్టూలు మీంచి లేచి, "ఇప్పటికి బావుంది" అని షెడ్డుకి వెళ్ళిపోయారు.

రిటైరయ్యాక కూడా, ఆ ఆసుపత్రి మూసేదాకా, పొద్దున్నే వెళ్ళి ఆ వార్డులో కాసేపు కూర్చుని వచ్చేవారు. ఎవరినీ ఏమీ అనేవారు కాదు. గిన్నెల రంగు చూసేవారు. ఎనిమిదో మంచానికి భయపడటం జనం మానేశారు. ఆ తలుపు దగ్గర మాత్రం నేను ఎప్పుడూ నిలబడలేదు.

గురువారం సాయంత్రం మేస్త్రీ గారిని సాగనంపి, స్నానాలు చేసి ఇంటికొచ్చాం. నేను ముందు గదిలో పడుకున్నాను. మా ఆవిడ దీపం పెట్టలేదు. పక్క గదిలో నడుస్తోంది. అటు వెళ్ళి ఏదో తీస్తోంది, ఇటొచ్చి ఏదో పెడుతోంది. పాదాలు తడిగా ఉన్నట్టున్నాయి, గచ్చు మీద చప్పుడు తెలుస్తోంది. పదహారేళ్ళ కిందటే ఆగిపోవలసిన అడుగులు, ఆయన వల్ల ఇంకా నడుస్తున్నాయి. ఒకచోట ఆగాయి. నేను ఊపిరి బిగబట్టుకుని చీకట్లో పడుకున్నాను, మళ్ళీ మొదలయ్యేదాకా.