ఒట్టు లేని సంతకం

జూలై, ఆగస్టు నెలల్లో పద్మనాభయ్య వరండాలోని బల్ల మీద పిల్లల సర్టిఫికెట్లు తప్ప మరేమీ ఉండవు. నెల్లూరులో ఒక కాలేజీ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేసి, రిటైరై సొంతూరు విడవలూరు వచ్చేశారు. ఊళ్ళో ఎవరి బిడ్డకు యూనివర్సిటీ సీటొచ్చినా తల్లిదండ్రులు ముందు ఆయన దగ్గరికే వస్తారు. ఏ కాగితం ఎన్ని కాపీలు కావాలి, ఏ కౌంటర్లో ఏం అడుగుతారు, హాస్టల్లో మనం అడిగితే తప్ప ఇవ్వనిది ఏది, అన్నీ చెబుతారు. గొంతు బాగా తగ్గించి చెబుతారు. జనం అది వినయమనుకుంటారు. నిజానికి భయం.

పదకొండేళ్ళ కిందట రంగనాయకులు అనే రైతు కూతురు వినీలకు సీటొస్తే, "టీసీ జిరాక్స్ చాల్లే" అన్నారు. చాలలేదు. ఒరిజినల్ కోసం వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళేలోగా గడువు దాటిపోయింది. వినీల ఇప్పుడు రొయ్యల ప్లాంటులో పనిచేస్తోంది. బస్టాండులో ఎదురుపడితే "బాగుండారా సార్" అని మామూలుగానే నవ్వుతుంది. ఆ నవ్వు చూడలేక ఆయన బస్టాండుకు పోకుండా ఆగిపోయిన రోజులున్నాయి.

అప్పటినుంచి కాగితాలు తాను చదవడం మానేశారు. తల్లిదండ్రుల చేతే, ఒక్కో అక్షరం పైకి చదివిస్తారు. కౌంటర్ దగ్గర నిలబడేది వాళ్ళే కదా అంటారు.

మొన్న ఆగస్టులో ఒక పొద్దున హెన్రీ, అతని భార్య మెర్లిన్ తమ కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. హెన్రీ కౌలుకు వరి పండిస్తాడు. కూతురికి విశాఖలో సీటొచ్చింది. మర్నాడు సాయంత్రం ఐదు లోపల చేరాలి. నెల్లూరులో రైలు ఆ మధ్యాహ్నం మూడింటికి.

"చదువమ్మా" అన్నారు పద్మనాభయ్య.

మెర్లిన్ పదో తరగతి మెమో మీద వేలు పెట్టింది. "ఏ, బీ, ఐ, జీ, ఏ, ఐ, ఎల్. అబిగెయిల్."

"ఆధార్."

"ఏ, బీ, ఐ, జీ, ఏ, వై..." వేలు ఆగింది. "ఈ, ఈ, ఎల్, యూ."

బడిలో హెడ్మాస్టరు ఇంగ్లీషు పద్ధతిలో రాశాడు. ఆధార్ సెంటర్లో పేరేందని అడిగితే హెన్రీ చర్చిలో పిలిచినట్టే 'అబిగయీలు' అన్నాడు, అక్కడివాడు విన్నది విన్నట్టు కొట్టాడు. ఇన్నేళ్ళూ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు.

"ఇద్దరు మనుషులనుకుంటారా సార్?" అంది అబిగయీలు. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

అనుకోవచ్చునని పద్మనాభయ్యకు తెలుసు. ఆధార్లో పేరు మార్చడానికి టైము లేదు. రెండు పేర్లూ ఒకే మనిషివని తండ్రి చేత అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించాలి. అందరూ నెల్లూరుకు పది గంటల బస్సెక్కారు. బస్టాండులో వినీల ఉందో లేదో ఆయన చూడలేదు.

నోటరీ విజయకుమారి గారు ఒక ఫారం ప్రింటు తీసి సంతకం చేయమన్నారు. హెన్రీ నిదానంగా చదివి పెన్ను కింద పెట్టాడు.

"'దేవుని సాక్షిగా ప్రమాణం చేసి' అని ఉండాది. ఒట్టు మేం వెయ్యం సార్. మా సంఘంలో కూడదు."

"రైలు మూడింటికి హెన్రీ."

"మాట చెప్తా. ఎంతమంది ముందరైనా చెప్తా. ఒట్టు మాత్రం వెయ్యను."

"నీ కూతురు నీ కూతురేనని చెప్పడానికేంది నీకు?"

"మా నాయన గట్టు తగాదాలో కోర్టులో ఒట్టేసినాడు. నిజమే చెప్పినాడు. నెల తిరక్కముందే మా అన్న మోటరు దగ్గర కరెంటు కొట్టి పోయినాడు. ఇప్పుడు నేనేస్తే, దూరం పోయే బిడ్డ సార్ ఇది."

మెర్లిన్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ సీటు పోతే మాత్రం నీ బిడ్డ బాగుంటదా?" అంది. గోడ గడియారంలో ఒంటిగంట దాటింది. ఈసారి తప్పు పద్మనాభయ్యది కాదు. అయినా ఆ సంగతి ధైర్యం ఇవ్వలేదు.

"మేడం," అన్నారు చివరికి, "ఒట్టు లేకుండా కుదరదా?"

విజయకుమారి గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఎందుకు కుదరదు? ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అంతే." 'దేవుని సాక్షిగా ప్రమాణం చేసి' అన్నది కొట్టేసి, పైన 'మనస్ఫూర్తిగా ధ్రువీకరించి' అని చేత్తో రాశారు. పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఈలోగా కరెంటు పోయింది, మళ్ళీ ప్రింటు తీసే వీల్లేదు.

"ఇది అబద్ధమైతే మేడం?" అన్నాడు హెన్రీ.

"జైలుకు పోతావు. దేనికైనా అదే శిక్ష."

"జైలేనా? అట్టయితే సరే" అని సంతకం చేశాడు.

వాళ్ళు రైలెక్కారు. మర్నాడు పొద్దుటినుంచి పద్మనాభయ్య ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. కొట్టివేత ఉన్న కాగితం. తాను ఆఫీసులో ఉన్న రోజుల్లో అలాంటివి వస్తే ఆయనే వెనక్కి పంపేవారు. ఒంటిగంట, రెండు. తనకై తాను ఫోన్ చేయడానికి ధైర్యం చాలలేదు.

మూడున్నరకు హెన్రీ చేశాడు. "ఈ గీతేందని అడిగినాడు సార్. ఒట్టు సంగతి చెప్పినా. ఇంకో ఆయన్ని పిలిచినాడు. ఆయన కాగితం తీసుకుని లోపలికి పోయి గంటసేపు రాలేదు సార్."

"తర్వాత?"

"చేర్చుకున్నారు. రెండు నెలల్లో ఆధార్ మార్చుకోమన్నారు. బిడ్డ హాస్టల్లోకి పోయింది. మమ్మల్ని గేటు దాటనీయలా. ఇప్పుడు మేం ఏం చెయ్యాల సార్? ఈడనే ఉండాల్నా, పోవచ్చా?"

పద్మనాభయ్య ఎవరికీ ఇంతవరకూ చెప్పనిది అదొక్కటే.

"పోవచ్చు" అన్నారు.

హెన్రీ ఫోను పెట్టెయ్యలేదు. ఆయనా పెట్టలేదు.